తుపాకి ముట్టిన నేరం

మస్కట్‌కు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న షినాస్‌లో నేను పనిచేసిన తోట యజమానికి ఒక పాత రైఫిల్ ఉండేది. మూడేళ్ల పాటు ప్రతి శుక్రవారం పొద్దున దాన్ని తుడిచింది నేనే. ఆయన్ని అర్బాబ్ అని పిలిచేవాళ్లం. అక్కడ పని ఇచ్చే ప్రతివాడూ అర్బాబే. డెబ్బై దాటిన మనిషి. చేతులు వణికేవి, చూపు మందగించింది. అయినా మేకుకు వేలాడే ఆ రైఫిల్ మాత్రం మెరవాలి. సన్నటి ఇనుప కడ్డీకి గుడ్డపేలిక చుట్టి, కుట్టుమిషను నూనెలో ముంచి గొట్టంలో ఆడించేవాణ్ణి. ఆయన ఎదురుగా చాప మీద కూర్చుని కాఫీ తాగుతూ "ఇంకా, ఇంకా" అనేవాడు. చాలు అని ఒక్కసారీ అనలేదు.

ఆ పనంటే నాకు అసహ్యం. చేయించే మనిషన్నా అసహ్యమే.

మాది జగిత్యాల అవతల అడవి అంచున ఉన్న ఊరు. మా బాపు మక్కచేను వేసేవాడు. అడవిపందులు ఒక్క రాత్రిలో చేనంతా దున్నేసేవి. కమ్మరాయన చేసిన నాటు తుపాకి ఒకటి మంచె మీద దాచుకుని, వాటిని బెదిరించడానికి పేల్చేవాడు. ఎనభైల చివర్లో అన్నల కోసం వెతుకుతూ పోలీసులు మా ఊరి మీద పడ్డారు. తుపాకి దొరికింది. "పందుల కోసం సారూ" అని బాపు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఠాణాలో ఎడమచేతి వేళ్లు రెండు విరిచారు. ఆయుధాల కేసు పెట్టారు. అదే ఊళ్లో దొర గడీలో జోడు గొట్టాల తుపాకి ఉండేది. దానికి లైసెన్సు కాగితం ఉందని పోలీసులే దొర వరండాలో కూర్చుని చాయ తాగారు. మా బాపు వాయిదాలకు తిరుగుతున్న రోజుల్లోనే నేను విమానమెక్కాను. కారణం ఒక్కటే: తుపాకి దొరికిన ఇంటి కొడుకు ఊళ్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వాణ్ణీ తీసుకుపోతారు.

మొదట మస్కట్ దగ్గర అల్ హైల్‌లో బిల్డింగ్ కంపెనీలో సెంట్రింగ్ పని. నాలుగేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. రూమ్‌లో ఉన్న పదహారు మందిమీ తలో దిక్కు పోయాం. నాకు షినాస్ తోట దొరికింది. నిమ్మచెట్లు, ఖర్జూరాలు, పశువులకు గడ్డి మడులు. బావి మీద పంపు, పంపు పక్కన నా గది. వేసవిలో సముద్రం గాలికి ఒంటి మీద ఉప్పు పేరుకునేది. పని కష్టమైనా నాకు తెలిసిన పని. కష్టమంతా శుక్రవారాల్లోనే.

చేరిన మొదటి శుక్రవారమే ఆయన రైఫిల్ తీసి నా ముందు పెట్టాడు. "తుఫగ్" అన్నాడు. అరబ్బీ రాకపోయినా ఆ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆయనకు ఉర్దూ వచ్చు. ఆ తీరంలో చాలామంది పెద్దవాళ్లకు వచ్చు. "నేను ముట్టను అర్బాబ్. మా ఇంట్లో దీంతోనే నష్టమైంది" అన్నాను.

"కరుస్తుందా?"

"నాకు వద్దు."

"నీ పాస్‌పోర్ట్ నా పెట్టెలో ఉంది రఫీక్. అదీ వద్దా?"

రఫీక్ అంటే స్నేహితుడట. ఆ మాటను అంత ఈసడింపుగా పలకడం ఆయన దగ్గరే విన్నాను. కడ్డీ చేతిలోకి తీసుకున్నాను.

ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడగల మనిషి ఒక్కతే ఉండేది. కడప జిల్లా ఆవిడ, వంటపనికి వచ్చింది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. మేమిద్దరం శత్రువులం. చేరిన కొత్తలో నేను తోట నిమ్మకాయలు రెండుసార్లు బజారులో అమ్ముకున్నాను. ఆవిడ చూసి ఇంట్లో చెప్పేసింది. అర్బాబ్ నన్ను మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టాడు. సాయంత్రం వంటగది గుమ్మం దగ్గర ఆవిణ్ణి నిలదీశాను.

"నీకేం అడ్డమొచ్చిన అక్కా? గియ్యాల నన్ను ఎండల నిలవెట్టిచ్చినవ్."

"దొంగతనం సేస్తే సెప్పనా? రేపు కాయలు తగ్గినాయని నన్నడిగితే ఎవురు సమాధానం సెప్పేది అబ్బీ?" అంది.

ఆవిడ చెప్పింది సబబే. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఇంకా కోపం పెంచుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లకు పైగా మా మధ్య మాటల్లేవు. గుమ్మం మీద పళ్లెం పెట్టి గరిటెతో తలుపు మీద కొట్టేది, నేను వచ్చి తీసుకెళ్లేవాణ్ణి. అంతే.

అర్బాబ్ పెద్దకొడుకు మస్కట్‌లో ప్రభుత్వ ఆఫీసులో చేసేవాడు. గురువారం మధ్యాహ్నం వచ్చి శుక్రవారం సాయంత్రం వెళ్లేవాడు. వింటే అర్థమయ్యేంత అరబ్బీ అప్పటికి నాకు వచ్చింది; తండ్రీకొడుకుల తగువంతా ఆ రైఫిల్ గురించే. ఆయుధం ఉన్న ప్రతివాడూ పోలీసుల దగ్గర రాయించుకుని కాగితం తీసుకోవాలని చట్టం వచ్చి అప్పటికే చాలా కాలమైంది. చుట్టుపక్కల అందరూ తీసుకున్నారు. ఈయన ఒక్కడూ తీసుకోలేదు. "మా తాత దీన్ని ఎవరి అనుమతితో మోశాడు? నడుముకు బాకు పెట్టుకోవడానికి కాగితం అడుగుతారా? ఇది మగవాడి హక్కు. ఉన్న హక్కును అడుక్కోవడం ఏమిటి?" అనేవాడు. కొడుకు బతిమాలి, విసిగి, చివరికి అరిచేవాడు. కోడళ్లు లోపలికి వెళ్లి తలుపులు వేసుకునేవాళ్లు.

నేను తోటలో చేరిన మూడో ఏడాది చివర్లో ఆ దేశానికి మూల శాసనం వచ్చింది. మనం రాజ్యాంగం అంటామే, అలాంటిది. పొలాల్లో పనిచేసే మాకు దాని గురించి ఏం తెలుస్తుంది? కొడుకు ఒక శుక్రవారం దాన్ని చిన్న పుస్తకంగా తెచ్చాడు. తండ్రికి చదివి చెప్పి, కాలం మారిందని ఒప్పించాలని అతని ఉద్దేశం. ఆ సమయానికి నేను అర్బాబ్ గది గుమ్మం పక్కన కూర్చుని రైఫిల్ తుడుస్తున్నాను. అతను లోపలికి వస్తూ నన్ను చూసి ఆగిపోయాడు. మిగతా శుక్రవారాల్లో అతను నిద్ర లేచేసరికే నేను తుడవడం ముగించేవాణ్ణి కాబట్టి, అప్పటిదాకా ఆ పని నాతో చేయిస్తున్నాడని అతనికి తెలియదు.

"వీడి చేతికిచ్చావా?" అని తండ్రి మీద కేకవేసి నా వైపు తిరిగాడు. నాకు బాగా అర్థం కావాలని ఉర్దూలో ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. "నువ్వు బయటి దేశంవాడివి. కాగితం లేని తుపాకి నీ చేతిలో కనిపిస్తే జైలు. ఆ తర్వాత మీ దేశానికి పంపేస్తారు. వింటున్నావా? ముట్టుకుంటేనే నేరం."

రైఫిల్ కింద పెట్టేశాను.

"తియ్యి" అన్నాడు అర్బాబ్.

నేను కొడుకు ముఖంలోకి చూశాను. అతను తల తిప్పుకున్నాడు. నాకు చట్టం చెప్పగలిగినవాడు తండ్రి ముందు ఇంకొక్క మాట అనలేకపోయాడు. నేను మళ్లీ తీశాను. అంతకుముందు చేసింది తెలియక చేశాను. ఆ రోజు నుంచి తెలిసే చేశాను.

పుస్తకం చదవడం మొదలైంది. అర్బాబ్ మధ్యలో ఒకచోట చెయ్యెత్తి ఆపాడు. "మళ్లీ చదువు." కొడుకు చదివాడు. ఇంటివాడి అనుమతి లేకుండా ఎవరూ ఇంట్లోకి రాకూడదని అక్కడ ఉందట. ముసలాయన ముఖం వెలిగిపోయింది. "చూశావా! నా ఇల్లు, నా గోడ, నా మేకు. ఆ పుస్తకమే చెబుతోంది. ఇక పోలీసుకు ఇక్కడేం పని?"

"దాని తర్వాత ఇంకో ముక్క ఉంది నాన్నా. చట్టం చెప్పిన సందర్భాల్లో తప్ప, అని ఉంది."

"ఆ ముక్క నాకక్కర్లేదు" అని ఆయన పుస్తకం లాక్కుని దిండు కింద పెట్టుకున్నాడు. తర్వాత వచ్చిన ప్రతి అతిథికీ దాన్ని చూపించేవాడు.

రెండు నెలలు గడిచాయో లేదో, మనవరాలి పెళ్లి వచ్చింది. చలికాలం, సాయంత్రపు అసర్ నమాజు అయిపోయిన వేళ. తోట ముందు మైదానంలో మగవాళ్లు రెండు వరుసలు కట్టి డప్పుల మీద పాడుతున్నారు. కొందరు బాకులు పైకెత్తి తిప్పుతున్నారు. కాగితాలున్న వాళ్లు ఇద్దరు ముగ్గురు తుపాకులు తెచ్చారు గాని, పేల్చవద్దని పోలీసులు చెప్పి ఉండడంతో గాలిలోకి ఎగరేసి పట్టుకుంటున్నారు. అర్బాబ్ మాత్రం తూటాల సంచి నా భుజానికి తగిలించి వెంట నడిపించుకెళ్లాడు.

ఆ రైఫిల్లో ఒక్కసారికి ఒక్క తూటానే పడుతుంది. నింపి ఇవ్వడం నా వంతు, పేల్చడం ఆయన వంతు. మొదటిది ఆకాశంలోకి పేలింది. జనం కేకలు వేశారు. రెండోదీ పైకే వెళ్లింది. మూడోది ఇచ్చేటప్పుడు ఆయన చేతుల్లో వణుకు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. "చాలు అర్బాబ్" అన్నాను. "ఇవ్వు" అన్నాడు. భుజానికి ఎత్తబోతుంటే గొట్టం బరువుకు కిందికి వాలింది. పేలింది.

ఖర్జూరపు మట్టల దడి వెనక పెళ్లివంట జరుగుతోంది. అక్కణ్ణుంచి ఆడగొంతు కేక వినిపించింది. తెలుగులో. "అమ్మా, సచ్చినానే!"

డప్పులు ఆగిపోయాయి. దడి తోసుకుని వెళ్లిన వాళ్లు వంటావిణ్ణి ఎత్తుకొచ్చారు. కుడిచేతి మణికట్టు పైభాగంలోంచి తూటా దూసుకుపోయింది. చీర కుచ్చిళ్ల దాకా నెత్తురు. కొడుకు పికప్ తెచ్చాడు. అతని తల్లి ఆ చేతికి తన ముసుగు చుట్టి పక్కన కూర్చుంది. సొహార్ ఆసుపత్రి వైపు వెళ్లిపోయారు.

ఆ గందరగోళంలో అర్బాబ్ రైఫిల్ నా గుండెకేసి నొక్కాడు. "తీసుకెళ్లు. నీ గదిలో పెట్టు."

నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానంటే ఇవాళ్టికీ గట్టి జవాబు చెప్పలేను. పారేసి పరుగెత్తి ఉండవచ్చు. ఎక్కడికి పరుగెత్తాలి? పంపు గదిలో పరుపు కింద పెట్టాను.

ఆసుపత్రిలో ఇంటివాళ్లు ఇనుపకడ్డీ గుచ్చుకుందని చెప్పారట. డాక్టరు నమ్మలేదు. మరుసటి పొద్దున్నే పోలీసు జీపు గేటు ముందు ఆగింది. ఒక అధికారి, ఇద్దరు కానిస్టేబుళ్లు. అర్బాబ్ చేతికర్ర అడ్డం పెట్టి గేటు మధ్యలో నిలబడ్డాడు. రెండో చేతిలో ఆ పుస్తకం.

"నా గడప దాటే అధికారం మీకు ఎవరిచ్చారు? చదువుకోలేదా? ఇంటివాడు వద్దంటే రాకూడదని ఇందులో ఉంది."

అధికారికి ముప్పై ఏళ్లుంటాయేమో. పెద్దవాడని గౌరవంగానే మాట్లాడాడు, కాని గొంతులో ఇనుము ఉంది. "దాని తర్వాతి ముక్క ఎవరూ చదివి వినిపించలేదా?" అని జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "సోదా చేయమని ఉత్తర్వు. ఆ పుస్తకం చెప్పిన సందర్భం ఇదే."

"ఇది మా హక్కు. మా తాతల నుంచి వచ్చింది."

"హక్కు నిన్న ఒక ఆడమనిషి చేతిలోంచి దూసుకుపోయింది. కర్ర తియ్యండి."

అర్బాబ్ తియ్యలేదు. వెనక నుంచి కొడుకు వచ్చి ఆ కర్రను పట్టుకుని పక్కకు జరిపాడు. ముసలాయన కొడుకు ముఖాన ఉమ్మి వేసినంత పని చేశాడు.

గోడ మీద మేకు మాత్రమే ఉంది. రైఫిల్ నా పరుపు కింద దొరికింది. కానిస్టేబుల్ దాన్ని గుడ్డతో పట్టుకుని బయటికి తెచ్చాడు.

"ఎవరిది?"

"నాది" అన్నాడు అర్బాబ్, ఛాతీ విరిచి.

"నిన్న ఎవరు కాల్చారు?"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో తడబాటు వెతికాను. లేదు. "ఎవడి పరుపు కింద ఉందో వాణ్ణి అడగండి" అన్నాడు.

పెళ్లికి వచ్చిన మగవాళ్లు కనీసం యాభై మంది ఉంటారు. ఆ తర్వాత పోలీసులు అడిగితే అందరిదీ ఒకటే మాట: డప్పుల హోరులో చూడలేదు.

స్టేషన్లో నన్ను ప్రశ్నించినవాడు బలూచీ పోలీసు. ఉర్దూ నాకంటే బాగా మాట్లాడతాడు. "చేతులు చూపించు" అన్నాడు. వేళ్లు వాసన చూసి "నూనె" అని రాసుకున్నాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మూడేళ్లుగా తుడిచిన సంగతీ, తూటాలు నింపిన సంగతీ దాచలేదు. చెబుతున్నంతసేపూ మొదటి దెబ్బ ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నాను. పడలేదు. పదకొండు రోజులు లాకప్‌లో ఉన్నాను, ఒక్కరూ చెయ్యెత్తలేదు. మా బాపును జగిత్యాలలో ఏం చేశారో తలుచుకుంటే, కొట్టని ఈ పోలీసుల మీద కూడా నాకు కోపమే వచ్చింది. అలా ఎందుకు వచ్చిందో చెప్పలేను, కాని వచ్చింది.

నాలుగో రోజు అర్బాబ్ కొడుకు వచ్చాడు. కటకటాలకు అవతల నిలబడి, "నీకు తిండీ బట్టలూ పంపిస్తాను" అన్నాడు.

"మీ నాన్న కాల్చిండని చెప్పు. నువ్వు చూసినవ్."

"నేను అప్పుడు ఇంట్లో ఉన్నాను."

"నాతో ముట్టిచ్చింది ఎవరో చెప్పు మరి. ముట్టకపోతే పాస్‌పోర్ట్ ఇయ్యనన్నడు."

"చట్టంలో ఆ మాట లేదు. ముట్టుకోవడం నేరమని మాత్రమే ఉంది. ఆ రోజే నీకు చెప్పాను."

"నాకు జెప్పినవ్. ఆయనకు జెప్పలేకపోయినవ్."

అతను వెళ్లిపోయాడు. ఆ రాక్షసుడి కంటే ఈ మర్యాదస్తుడి మీదే ఆ రోజు నాకు ఎక్కువ అసహ్యం కలిగింది.

వంటావిడ మొదట్లో ఏమీ చెప్పలేదట. ఎవరు పేల్చారో దడి వెనక ఉన్న తనకు కనిపించలేదని ఆసుపత్రిలో పోలీసులతో అంది. ఆ సంగతి బలూచీ పోలీసు చెప్పినప్పుడు నేను ఆశ వదులుకున్నాను. నిమ్మకాయల పగ ఇంకా తీరలేదనుకున్నాను.

పన్నెండో రోజున అందరినీ ఒకే గదిలోకి తెచ్చారు. అధికారి బల్ల వెనక కూర్చున్నాడు. ఒక పక్క అర్బాబ్, కొడుకు. ఇంకో పక్క నేను, నా వెనక కానిస్టేబుల్. ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. చేతికి కట్టు, మెడకు వేలాడేసిన గుడ్డ. ముఖం పాలిపోయి ఉంది. నన్ను చూడలేదు.

ఇంటివాళ్లు ఆవిడ పేరుతో ఒక వాంగ్మూలం రాయించి తెచ్చారు. వేలిముద్ర వేస్తే చాలు. అధికారి దాన్ని అరబ్బీలో చదివాడు, బలూచీ ఆయన ఉర్దూలో చెప్పాడు. ఆవిడకు ఉర్దూ అంతగా రాదు. వంటింటి అరబ్బీ నాలుగు మాటలు వచ్చు. నా పేరు వినిపించినట్టుంది, అనుమానంగా నా వైపు తిరిగింది. రెండేళ్ల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఏమంటాండాడు ఆయప్ప?"

నేను బలూచీ పోలీసు వైపు చూశాను.

"సెప్పు అబ్బీ! నా పేరు మింద ఏం రాసినారు?"

"అక్కా... నేను నీ ఎంబడి వడ్డనట. నువ్వు ఒప్పుకోలేదట. గా పగతోటి నేనే నిన్ను కాల్చిన్నట. నువ్వే అట్ల జెప్పినవని రాసిండ్రు."

ఆవిడ విసురుగా లేచింది. ఆ లేవడంలో కుర్చీ వెనక్కి పడింది.

"నాకూ వీనికీనా? థూ! నలభై ఏండ్ల దాన్ని, ముగ్గురు బిడ్లను కన్నదాన్ని. ఈ దొంగనాయాలికీ నాకూ సంబంధం కడతారా? నా సెయ్యి పోగొట్టింది సాలక నా మానం గూడా తీస్తారా?"

అర్బాబ్ ఏదో అరవబోయాడు, అధికారి చెయ్యి చూపి ఆపాడు. "ఏమంటోంది?" అని నన్నడిగాడు. నేను నోరు తెరవబోతే బలూచీ ఆయన అడ్డుపడ్డాడు. నిందితుడు సాక్షికి తర్జుమా చేయకూడదు, ఆమే చెప్పాలి అన్నాడు. ఆవిడకు అర్థమైంది. బాగున్న ఎడమచెయ్యి ఎత్తి నన్ను చూపించి "హాదా లా" అంది. వీడు కాదు అని. ఆ చేతినే తిప్పి, అర్బాబ్ ముఖానికి జానెడు దూరంలో వేలు పెట్టి, "హాదా! తుఫగ్, హాదా!" అంది. తర్వాత దడిలో సందు ఎంతుందో వేళ్లతో చూపించింది. అందులోంచి తాను చూసిన తీరు, ముసలాయన చేతులు వణికిన తీరు, గొట్టం వాలిన తీరు అభినయించి చూపించింది. ఆ గదిలో ఎవరికీ తర్జుమా అవసరం లేకపోయింది.

అధికారి వాంగ్మూలం కాగితాన్ని రెండుగా మడిచి పక్కన పెట్టాడు. "ఈ మాటలు ఎవరు రాశారు?" అని అర్బాబ్ కొడుకును అడిగాడు. అతను నేలవైపు చూశాడు. అరబ్బీ అక్షరాలు అంత చక్కగా రాయగలవాడు ఆ ఇంట్లో అతనొక్కడే.

సొహార్ కోర్టులో విచారణ రెండు పొద్దుల్లో అయిపోయింది. అర్బాబ్ నిటారుగా నిలబడి, తుపాకి తన వంశపు హక్కనీ, పెళ్లిలో పేల్చడం ఆచారమనీ, మూల శాసనం తన ఇంటినీ సొత్తునూ కాపాడుతుందనీ చెప్పాడు. న్యాయమూర్తి ఓపిగ్గా విన్నాడు. సొత్తుకు రక్షణ ఉంది, కాగితం లేని ఆయుధం సొత్తు కాదు, నేరానికి సాక్ష్యం అన్నాడు. రైఫిల్ స్వాధీనం. జరిమానా. జైలుశిక్ష వేశారు గాని, వయసు చూసి అమలు ఆపేశారు. ఆయన ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లాడు.

తర్వాత నా వంతు. కాల్చిన నేరం పోయింది. ముట్టిన నేరం, దాచిన నేరం మిగిలాయి. పాస్‌పోర్ట్ సంగతి చెప్పాను. న్యాయమూర్తి తర్జుమా చేసే ఆయన ద్వారా ఒక్కటే అడిగాడు.

"అది నేరమని నీకు తెలుసా?"

తెలియదని అనవచ్చు. కొడుకు కోర్టులోనే ఉన్నాడు, మొదటి వరసలో. మూడు నిమిషాల ముందే సాక్ష్యం చెప్పాడు, తాను హెచ్చరించానని. అతను లేకపోయినా నేను అబద్ధం చెప్పేవాణ్ణో కాదో తెలియదు.

"తెలుసు" అన్నాను.

ఒక నెల జైలు, తర్వాత దేశం నుంచి పంపివేత. మళ్లీ రాకూడదు. లాకప్‌లో ఉన్న రోజులు అందులోంచి తీసేశారు.

నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్లిన రోజు పొద్దున పోలీసు వ్యాన్లో ఆవిడ ముందే కూర్చుని ఉంది. ఇంటివాళ్లు ఆవిడ వీసా రద్దు చేయించారట. నేరం ఏమీ లేదు, పని లేదు అంతే. ఒళ్లో చిన్న సంచి. కట్టు విప్పేశారు గాని చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి రావడం లేదు. సీబ్ విమానాశ్రయం దాకా మూడు గంటల దారి. ఒకచోట నేను ఆగలేక అన్నాను.

"అక్కా, నువ్వు గనక చెప్పకపోతే..."

"నీ కోసం సెప్పలా" అంది, కిటికీ వైపే చూస్తూ. "నా మింద అట్టాంటి మాట రాసినారు గాబట్టి సెప్పినా. లేకుంటే నువ్వు యాడ కుళ్లినా నాకేం పట్టే! తూటా ఏసిచ్చింది నువ్వే గదా. సందులో నాకు కనపడ్లా అనుకున్యావా?"

నేను రెండో కిటికీ వైపు తిరిగాను.

బొంబాయి విమానంలో ఇద్దరివీ ఒకే వరసలో సీట్లు పడ్డాయి. భోజనం పెట్టారు. మూత మీది రేకు ఊడదీయడానికి ఆవిడ ఎడమచేత్తో చాలాసేపు గుంజింది. పళ్లతో పట్టుకుని చూసింది. నేను చెయ్యి చాచాను. ఆవిడ పళ్లెం తన వైపు లాక్కుని గంట నొక్కింది. విమానం పిల్ల వచ్చి తీసి ఇచ్చింది. ఆవిడ తల దించుకుని తినడం మొదలుపెట్టింది.